ఊరి ఆరోగ్యానికి డబ్బు ఎవరిస్తారు?



వాన వెలిసి నాలుగు రోజులైనా సైడు కాలువలో నీరు కదలదు. దోమలు పెరుగుతాయి. ఇంటికొకరు జ్వరంతో మంచం పడతారు. పిట్టలవానిపాలెం, చందోలు, ఖాజీపాలెం వంటి కృష్ణా పశ్చిమ డెల్టా ఊళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నేల పల్లం, సముద్రం దగ్గర. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. జ్వరం వస్తే ఆసుపత్రి ఖర్చు గురించి దిగులుపడతాం. జ్వరం రాకుండా చూసే ఖర్చు ఎవరిదో మాత్రం అడగం. ఈ వారం ఆ సంగతి తెలుసుకుందాం.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చింది. వాటిలో తాగునీరు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఉన్నాయి. ఆచరణలో డాక్టర్లు, నర్సుల జీతాలు, మందులు ఆరోగ్యశాఖ చూస్తుంది. మంచినీటి ట్యాంకు, మురుగు కాలువ, చెత్త, బ్లీచింగ్ పంచాయతీ చూడాలి. మందు ఒకరి చేతిలో, నివారణ మరొకరి చేతిలో ఉన్నాయన్నమాట.

ఆ పనులకు డబ్బు ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది మనం కట్టే ఇంటి పన్ను, నీటి పన్ను. రెండోది కేంద్ర ఆర్థిక సంఘం నిధులు. 2021 నుండి 2026 వరకు వర్తించిన 15వ ఆర్థిక సంఘం, గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చే సాధారణ గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. మిగతా 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చని, జీతాలకు మాత్రం కాదని చెప్పింది. ఇవి కాక స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్య రంగానికి దేశం మొత్తానికి ఐదేళ్లకు 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. ఉపకేంద్రాల భవనాలు, పరీక్షల సదుపాయాలు వంటివి ఆ పద్దులోవి.

మూడోది చిన్నదే గాని విలువైనది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఉంటుంది. పంచాయతీ ప్రతినిధి, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త అందులో సభ్యులు. ఏడాదికి 10,000 రూపాయల వరకు ఇచ్చే దాని నిధిని ఊరి శుభ్రతకు వాడవచ్చు. మరీ అవసరమైతే ఏ ఆధారమూ లేని పేద ఇంటివారిని వైద్యానికి చేర్చడానికీ వాడవచ్చు. ఒంటరిగా ఉన్న వృద్ధురాలిని రాత్రివేళ ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వచ్చినప్పుడు ఈ వెసులుబాటు తెలిసినవారు ఊళ్లో ఎంతమంది?

డబ్బు వచ్చినంత మాత్రాన పని జరుగుతుందని కాదు. 2021లో మన రాష్ట్రంలో ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద జమ కట్టారని సర్పంచులు ఆందోళనకు దిగారు. వీధి దీపాల బిల్లూ కట్టవలసిందే, కాదనలేము. అయితే కాలువ పూడిక తీతకు ఆగిన డబ్బు, ఆ తరువాత పేదవాడి జేబులోంచే మందుల దుకాణానికి వెళ్తుంది.

మన ప్రాంత క్రైస్తవులకు వైద్యసేవ కొత్త కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ శ్రమతో 1898లో అక్కడ మిషను ఆసుపత్రి వెలసింది. ఆ సేవను కృతజ్ఞతతో తలచుకుంటాం. కానీ ఎంత మంచి ఆసుపత్రయినా జబ్బుపడ్డాక వెళ్లే చోటు. దానం అడిగి తెచ్చుకునేది, పంచాయతీ నిధి మన హక్కు. ఒకటి ఉందని రెండోదాన్ని వదులుకోకూడదు.

గ్రామసభ అందుకే ఉంది. 2024 ఆగస్టు 23న ఉపాధి హామీ పనుల కోసం రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. తలుచుకుంటే ఊరంతా కూర్చోగలదని అది చూపింది. వచ్చే ఏడాది పంచాయతీ ప్రణాళిక తయారీ ఏటా అక్టోబరు 2 ప్రాంతంలో మొదలవుతుంది. అప్పుడు వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: ట్యాంకు ఎప్పుడు కడిగారు? ఏ కాలువకు ఎంత కేటాయించారు? ఆరోగ్య కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? జమాఖర్చులు ఈ-గ్రామ స్వరాజ్‌లో ఎవరైనా చూడవచ్చు. ఫోను వాడటం తెలిసిన పిల్లలు పెద్దలకు చూపించాలి.

ఆ ప్రశ్నలకు జవాబులు తీర్మానాల పుస్తకంలోకి ఎక్కించండి. పుస్తకంలో లేని పనిని రేపు అడగడం కష్టం. తగాదా కోసం కాదు, మన వీధి చివర ఉన్న పసిబిడ్డ కోసం అడగండి.