రోడ్డు పైపొర – రాయి, తారు, నీరు

గోదావరి డెల్టాలో అన్నమునకు కొరత లేదు. రోడ్డు వేయుటకు రాయి మాత్రము కొరత. అమలాపురము చుట్టుప్రక్కల నేల త్రవ్వినచో నది తెచ్చిపోసిన ఒండ్రును, ఇసుకయు కనబడును గాని కొండరాయి కనబడదు. పైగా ఒండ్రులోని బంకమన్ను వానకు తడిసి ఉబ్బును. వేసవిలో ఎండి నెరియలు విచ్చును. ఇట్లు పొంగుచు క్రుంగుచుండు నేలపై ధాన్యపు లారీలు నడువవలెను.

అందుచే రోడ్డును పొరలుగా కట్టుదురు. అడుగున గట్టిపరచిన మట్టి, దానిపై గ్రావెలు, ఆపైన కంకర, అన్నిటికి పైన తారు కలిపిన చిన్నకంకర. చక్రపు బరువు ఒక్కచోట పడినను, పొరపొరకు విస్తరించుచు దిగి, నేలను చేరునప్పటికి పలుచబడును.

ఈ కంకరకు కొవ్వూరు ప్రాంతమున పంగిడి, గౌరీపట్నముల నల్లరాయి పేరుపొందినది. ఇది బసాల్టు, సుమారు 6.5 కోట్ల ఏండ్ల క్రిందట పారిన లావా గడ్డకట్టగా ఏర్పడినది. ఆవలి గట్టున రాజమహేంద్రవరము చెంత కాతేరులోను ఈ రాయి కలదు. ఇది గట్టిది, అంతేకాక తారును చక్కగా అంటిపెట్టుకొనును. పలుగురాయివంటి దానికి తారుకంటె నీటితో పొత్తు ఎక్కువ; తడి చేరినచో తారు ఊడిపోవును.

వాడుకలో తారు అనుచున్నది బొగ్గునుండి తీసిన తారు కాదు. ముడి పెట్రోలియమును శుద్ధిచేయగా అడుగున మిగులు బిట్యుమెన్. 1957లో విశాఖపట్టణమున నెలకొన్న చమురుశుద్ధి కర్మాగారమునందు ఇది తయారగుచున్నది. పైపొర బరువులో ఇది నూటికి సుమారు 5 పాళ్లే. ఆ కొద్దిపాటి పదార్థమే రాతిని రాతితో బంధించి, నీటిని పైననే ఆపును. సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో రాతితో కలిపి, ఆరకముందే రోలరుతో అణచవలెను. చల్లారిన పిమ్మట అణచినచో లోపల సందులు మిగిలిపోవును.

ఆ సందులగుండా, పగుళ్లగుండా నీరు దిగును. అడుగు మట్టి మెత్తబడును. చక్రము నొక్కినప్పుడెల్ల బురదనీరు పైకి చిమ్మును. క్రింద బోలు ఏర్పడి, పైన గుంట పడును. డెల్టాలో పెక్కు రోడ్లు కాలువగట్లపై సాగుటచే ప్రక్కనుండియు తడి ఊరును. కావుననే రోడ్డును నడుమ ఎత్తుగా, మీటరుకు సుమారు 2 సెంటీమీటర్ల వాలుతో కట్టుదురు. వాలు చెడి, ప్రక్క మురుగుకాలువ పూడినచో, పైపొర ఎంత మందమైనను నిలువదు.

బడిలో ఒక పరీక్ష చేయవచ్చును. ఎండిన బంకమట్టి ఉండలు రెండు తీసికొని, ఒకదానికి కరిగిన మైనము పూసి, ఆరిన తరువాత రెంటిని నీటిలో వేసి చూడుడు. పూత లేనిది చెదరిపోవును. పూత గలది నిలుచును. పూతకు సూదితో ఒక్క చిల్లు పొడిచి మరల ముంచినచో ఏమగునో విద్యార్థులే కనుగొందురు. రోడ్డుమీది గుంటకు మొదలు అట్టి చిల్లే.