కత్తి కంటే ముందు మాట

శుక్లాల ఆపరేషన్‌కు పేరు రాయించుకుని, తీరా ఆ రోజు వచ్చేసరికి “నాట్లు అయ్యాక చూద్దాంలే” అని వెనక్కి తగ్గేవాళ్లు ఉంగుటూరు, తాడేపల్లిగూడెం వైపు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. పొలం పని సాకు మాత్రమే. అసలు సంగతి భయం. కనుగుడ్డు బయటికి తీసి, పొర గీకి మళ్లీ పెడతారన్న మాట అరుగుల మీద ఇంకా తిరుగుతూనే ఉంది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఎవరి పేరు పెట్టుకుందో ఆ సినీ దర్శక నిర్మాత పుట్టింది ఏలూరు దగ్గరి సోమవరప్పాడులోనే. ఆ సీమలోనే ఈ భయం!

నిజానికి కన్ను ఉన్నచోటే ఉంటుంది. కొద్ది మిల్లీమీటర్ల కోతలోంచి మసకబారిన లెన్సును తీసి, కొత్తది అమరుస్తారు. చిక్కులేవీ లేకపోతే సాధారణంగా అరగంటలోపు పని.

అయితే మనిషి మెలకువగానే ఉంటాడు. చుక్కల మందో, కంటి పక్కన వేసే మత్తు సూదో నొప్పిని ఆపుతుంది. వెలుగులు, రంగులు, కదిలే నీడలు మాత్రం చాలామందికి కనిపిస్తూనే ఉంటాయి. ముందే తెలియకపోతే “నాకు మత్తు ఎక్కలేదు” అని గుండె జారిపోతుంది. ఏమేం కనిపించవచ్చో ముందుగా చెప్పించుకున్నవాళ్లు తక్కువ బెదిరారని మదురై అరవింద్ ఆసుపత్రి వైద్యుల పరిశీలన ఒకటి తేల్చింది. అది 2011లో అచ్చయింది.

భయం మనసులోనే ఆగదు. బీపీ పైకి పోతుంది, మరీ ఎక్కువైతే ఆపరేషన్ వాయిదా పడుతుంది. టేబుల్ మీద తల కదిలితే డాక్టరుకు కష్టం.

ఇక్కడే సిస్టరు పని మొదలవుతుంది. “ఏం భయం లేదు మామ్మగారూ” అనేస్తే ఆమె భయాన్ని లోపలే దాచుకుంటుంది. “దేనికి భయంగా ఉందండీ?” అని అడిగితే బయటపడుతుంది. ఒకరికి నొప్పి గురించి బెంగ. ఇంకొకరికి మొహం మీద గుడ్డ కప్పితే ఊపిరాడదేమోనని. అలాంటివారికి గుడ్డ కింద గాలి అందే ఏర్పాటు ఉంటుందని చెప్పి, వార్డులోనే కాసేపు మొహం మీద గుడ్డ కప్పి అలవాటు చేయవచ్చు. దగ్గు వస్తుందనుకునేవారికి “ముందు నోటితో చెప్పండి, డాక్టరుగారు ఆగుతారు, చెయ్యి మాత్రం పైకెత్తకండి” అన్న ఒక్క మాట చాలు.

ఆపరేషన్ సాగుతున్నంతసేపూ చెయ్యి పట్టుకుని ఉండటం కూడా వైద్యంలో భాగమే. 2001లో దక్షిణ కొరియా నర్సుల పరిశోధనలో, అలా చెయ్యి పట్టుకున్న రోగులకు ఆందోళన తగ్గింది, రక్తంలో అడ్రినలిన్ కూడా తక్కువగా ఉంది. రోగి చెయ్యి కాస్త నొక్కితే ఏదో చెప్పాలనుకుంటున్నట్టు గుర్తు అని ముందే అనుకుంటే మరీ మంచిది.

కంటి ఆపరేషన్ల క్యాంపు రోజున చుక్కలు వేయడం, బీపీ చూడటం, ఏ కంటికో గుర్తు పెట్టడం అన్నీ సిస్టరు మీదే పడతాయి. పని ఒత్తిడిలో మొదట కోత పడేది ఈ మాటలకే. ఇది సిస్టరు తప్పు కాదు, మాట్లాడటానికి మనిషిని కేటాయించని ఆసుపత్రిది.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే దగ్గు, వినికిడి లోపం, వెల్లకిలా పడుకోలేకపోవడం, వాడుతున్న మందులు అన్నీ సిస్టరుకు ముందే చెప్పండి. ఆ రోజు టిఫిను, షుగరు మాత్రల సంగతీ అడగండి. భయంగా ఉందన్న మాట కూడా దాచకండి.