కూత వెయ్యని కుక్కరు కొనాలా, వద్దా?

ఉగాది సంచికకి ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం వారు అడిగితే, "నాకు తెలిసిందల్లా వంటిల్లేనండీ" అన్నాను. "అదే రాయండి" అన్నారు. పైగా మొన్న సంక్రాంతి పాట్‌లక్కులో పులిహోర వడ్డిస్తుంటే నలుగురు అడిగిన ప్రశ్న ఒకటుంది. "మీరు ఎలక్ట్రిక్ కుక్కరు కొన్నారటగా, బావుందా? మమ్మల్నీ కొనమంటారా?" గరిటె చేత్తో పట్టుకుని చెప్పే జవాబు కాదది. అందుకని ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను.

ముందే ఒప్పేసుకుంటాను, నేను ఆ కుక్కరుకి బద్ధ వ్యతిరేకిని. 1994లో నేను న్యూజెర్సీలో దిగినప్పుడు నాతోపాటు సూట్‌కేసులో, పట్టుచీరల మధ్య, అయిదు లీటర్ల ప్రెస్టీజ్ కుక్కరు దిగింది. లోపలి జాగా వృథా పోకుండా అమ్మ అందులో ఇంగువ డబ్బా, రెండు గాస్కెట్లు, ఒక వెయిటు కూరింది. ఆ కుక్కరు మూడు అపార్టుమెంట్లు, ఒక టౌన్‌హౌసు, ఇద్దరు పిల్లల పెంపకం చూసింది. గాస్కెట్లు ఎన్నో మారాయి, పిడి ఒకసారి మారింది, కుక్కరు మాత్రం మారలేదు. అలాంటిది ఇంట్లో ఉండగా గోడకి ప్లగ్గు పెట్టే కుక్కరు ఎందుకని నా వాదన. ఏ పెళ్ళిరోజుకి మా వారు ఆ మాటెత్తినా కొట్టిపారేశాను.

2022 నవంబరులో ఒక మధ్యాహ్నం జరిగిన సంగతితో నా వాదన నీరుగారిపోయింది.

మా అత్తయ్యగారికి అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ పగటి వంట ఆవిడదే. పధ్నాలుగో ఏట కాపురానికి వచ్చి పొయ్యి పట్టిన మనిషి. గడియారం చూసి వండటం ఆవిడకి తెలియదు. కందిపప్పుకి నాలుగు కూతలు, అన్నానికి మూడు, అంతే లెక్క. ముందు గదిలో కూర్చుని సహస్రనామం చదువుకుంటూనే కూతలు లెక్కపెట్టేవారు. కానీ రెండేళ్ళుగా వినికిడి తగ్గింది. చెవి మిషను పెట్టుకుంటే చప్పుళ్ళన్నీ కలిసిపోయి గోలగా ఉంటోందని దాన్ని డబ్బాలోనే ఉంచేస్తారు. ఈ మధ్య సాయంత్రాలు నన్ను అడగడం మొదలుపెట్టారు, "అమ్మాయ్, ఎన్ని కూతలొచ్చాయి?" అని. నేను చెప్పేదాన్ని. నేను ఆఫీసుకి వెళ్ళాక ఎవరు చెబుతారన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

ఆ రోజు పప్పు పెట్టి కునుకు తీశారు. కూతలు కూసీ కూసీ నీళ్ళన్నీ ఇగిరిపోయి, మూత మీది సేఫ్టీ ప్లగ్గు కరిగి, పప్పు బొగ్గయింది. ఇల్లంతా పొగ. స్మోక్ అలారం మోగితే పక్కింటావిడ 911కి ఫోన్ చేసింది. నేను వచ్చేసరికి మా డ్రైవ్‌వేలో ఎర్రటి ఫైరింజను. ఎవరికీ ఏమీ కాలేదు, కప్పు నల్లబడిందంతే. ఆవిడ మాత్రం శాలువా కప్పుకుని, చలిలో బయట నిలబడి, తప్పు చేసిన చిన్నపిల్లలా నావంక చూశారు.

మర్నాటినుంచి మా వారు ఆఫీసుకి వెళ్తూ స్టవ్ మీటలు పీకి సొరుగులో పెట్టడం మొదలుపెట్టారు. సాయంత్రం వచ్చి బిగించేవారు. ఆయన్ని తప్పుపట్టలేను, భయం అలాంటిది. అత్తయ్యగారు ఒక్క మాటా అనలేదు. పదింటికి అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్ళి, మీటల్లేని స్టవ్ చూసి తిరిగి వస్తున్నారని సెలవురోజు ఇంట్లో ఉండి చూస్తే తెలిసింది. నేను మైక్రోవేవ్‌లో పెట్టుకోమని ఇచ్చిన డబ్బాలు సాయంత్రానికి సగం అలాగే ఉండేవి. "ఆకలి లేదమ్మాయ్" అనేవారు. నెల తిరిగేసరికి జాకెట్లు వదులయ్యాయి. అదీ మా ఇంటికి ఆ కుక్కరు వచ్చిన కారణం. రుచి కోసమూ కాదు, ఫ్యాషను కోసమూ కాదు.

ఇంజనీరు మొగుడు ఉన్న ఇంట్లో ఏదీ ఊరికే కొనరు కదా. ఓక్ ట్రీ రోడ్డులో చూసి, సేల్ కాగితాలు తిరగేసి, చివరికి నాకు ఒక పూట పాఠం చెప్పారు. అందులో పనికొచ్చినంత మీకూ చెబుతాను.

ప్రెషర్ కుక్కరు కొత్త సంగతేమీ కాదు. డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన 1679లోనే లండన్‌లో ఎముకలు సైతం మెత్తబడే ఆవిరిపాత్ర తయారుచేశాడట. సూత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మూత బిగించి ఆవిరిని బంధిస్తే నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర ఆగకుండా ఇంకా వేడెక్కుతాయి. మన వెయిటు కుక్కరు చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర పనిచేస్తుంది, అంటే లోపల 121 డిగ్రీల సెంటీగ్రేడు. ఒత్తిడి అంతకు మించగానే వెయిటు లేచి ఆవిరి వదులుతుంది. అదే మన కూత. ఎలక్ట్రిక్ కుక్కర్లు చాలావాటిలో ఒత్తిడి 10 నుంచి 12 పౌండ్లే. అందువల్ల వేడి నాలుగైదు డిగ్రీలు తక్కువ, ఉడకడానికి కాస్త ఎక్కువసేపు. ఒత్తిడి చాలినంత చేరగానే లోపలి మీటరు కాయిల్‌ని ఆపి, తగ్గితే మళ్ళీ వెలిగిస్తుంది. ఆవిరి బయటికి పోదు కనుక కూత లేదు. పెట్టిన టైము అయిపోగానే తనే ఆగి, వెచ్చగా ఉంచుతుంది. 2010లో కెనడాలోని ఒట్టావా నుంచి రాబర్ట్ వాంగ్ బృందం తెచ్చిన ఇన్‌స్టంట్ పాట్‌తో ఈ రకం ఇక్కడ ఇంటింటికీ చేరింది. ఈ రకం కుక్కర్లు చేసే కంపెనీలు ఇప్పుడు చాలా ఉన్నాయి.

ఆ "ఇన్‌స్టంట్" అన్న మాట దగ్గరే మన వాళ్ళు మోసపోతున్నారు. నేను గడియారం పెట్టుకుని చూశాను. ఒక కప్పు కందిపప్పు పాత కుక్కర్లో పెట్టి, దించి, ఆవిరి తగ్గి మూత తీసేసరికి పాతిక నిమిషాలు. కొత్తదానిలో ఒత్తిడి చేరడానికే పది నిమిషాలు, ఉడకడానికి పది, దానంతట అది చల్లారడానికి ఇంకో పన్నెండు. ముప్ఫై రెండు! పెట్టె మీద రాసిన పది నిమిషాలు చూసి, ఆఫీసు నుంచి వచ్చి పది నిమిషాల్లో పప్పన్నం తినొచ్చనుకుంటే నిరాశే. టైము ఆదా కోసమే అయితే కొనకండి. ఆదా అయ్యేది టైము కాదు, కాపలా. స్టవ్ ముందు చెవులు రిక్కించుకుని ఉండే పని తప్పుతుంది.

ఇక వంట సంగతి. అన్నానికి మొదటిరోజు అలవాటుగా ఒకటికి రెండు నీళ్ళు పోశాను, సంకటి అయింది. ఆవిరి పోదు కదా, సోనా మసూరికి ఒకటికి ఒకటింపావు చాలు. పప్పు, శనగలు, రాజ్మా, బీట్‌రూట్ బ్రహ్మాండంగా ఉడుకుతాయి. గోంగూర మాత్రం పప్పుతో కలిపి పెట్టకండి. పులుపు తగిలితే పప్పు ఉడకదు, ఏ కుక్కర్లోనైనా అంతే. వేరే గిన్నెలో పైన పెడితే సరి. పెరుగు తోడుకునే మీట ఉన్నది దొరికితే అదే తీసుకోండి. జనవరిలో ఓవెన్ లైటు కింద గిన్నె దాచి దణ్ణం పెట్టుకునే మనబోటి వాళ్ళకి ఆ ఒక్క సుఖం చాలు. ఇడ్లీ వస్తుంది కానీ, ఆవిరి వదిలేసే మూత తెరిచి ఉంచి, టైము మనమే చూసుకోవాలి. అప్పుడు మెషిను లెక్కపెట్టదు.

పోపు దగ్గర మాత్రం నాకు తీరని కోపం. గిన్నె అడుగు మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. రెండు చెంచాల నూనె వేస్తే అంచులకి జారి, ఆవాలు మధ్యలో ఎండిపోతాయి. అడుగంటిన పోపు గీకకుండా మూత పెట్టారో, "బర్న్" అని అక్షరాలు చూపించి ఆగిపోతుంది. ఇంకొకటి, మూతలోని సిలికాన్ రింగు సాంబారు వాసన పీల్చుకుంటుంది. మర్నాడు పాయసం చేస్తే ఇంగువ పాయసమే. రెండో రింగు కొని తీపి వంటలకి విడిగా ఉంచండి.

ఆరు క్వార్టులది, అంటే దాదాపు అయిదున్నర లీటర్లది, నలుగురికి సరిపోతుంది. వంద డాలర్లకి అటూ ఇటూ, థాంక్స్‌గివింగ్ సేల్‌లో ఇంకా తక్కువ. వెయ్యి వాట్ల వస్తువు. మైక్రోవేవ్‌తో ఒకే ప్లగ్గు లైను మీద పెడితే బ్రేకరు పడిపోతుంది. 120 వోల్టులది కాబట్టి ఇండియాకి బహుమతిగా పట్టుకెళ్ళకండి. పాతది ఎవరైనా ఇస్తే, ఆ మోడలుని కంపెనీ వెనక్కి పిలిచిందేమో ప్రభుత్వ వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ వారి జాబితాలో చూడండి. మూత తెరుచుకునే లోపాలతో కొన్ని రకాలు వెనక్కి వెళ్ళాయి.

మొదటివారం ప్రమాదం చేసింది అత్తయ్యగారు కాదు, నేనే. లోపలి గిన్నె తోమి డిష్‌వాషర్ మీద పెట్టి, మాటల్లో పడి, కడిగిన బియ్యం తిన్నగా కుక్కరు గూడులోకి పోసేశాను! ప్లగ్గు పీకి, తిరగేసి, పుల్లతో మెతుకు మెతుకు తీసి, రెండ్రోజులు ఆరబెట్టాక బతికింది. అత్తయ్యగారు ఆ రెండ్రోజులూ నవ్వుతూనే ఉన్నారు. ఫైరింజను వచ్చిన రోజు తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఇంగ్లీషు మీటలు పది ఉంటే ఆవిడెలా వాడతారన్నది అసలు సమస్య. మా అబ్బాయి తెలుగులో చీటీలు రాసి అంటించాడు, ఆవిరికి ఊడిపోయాయి. చివరికి ఆవిడే తన స్టిక్కరు బొట్ల అట్ట తెచ్చారు. పప్పు మీటకి ఎర్రబొట్టు, అన్నం మీటకి మెరూను, ఆపే మీటకి నల్లబొట్టు. తాకే నియమం ఒక్కటే పెట్టుకున్నాం: ఆవిరి వదిలే మూతని ఆవిడ తిప్పకూడదు, మూత మీది చిన్న మేకు దానంతట అది కిందికి దిగేదాకా మూత ముట్టుకోకూడదు. వినపడకపోతేనేం, కళ్ళు బాగానే ఉన్నాయి. "మేకు పడింది" అని ఆఫీసుకి ఫోన్ చేసి చెబుతారు, ఒకప్పుడు ఎన్ని కూతలని అడిగినట్టే. పోపు నేను వచ్చాక పెడతాను. అప్పటిదాకా ఉత్త ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ ఆవిడ మధ్యాహ్నం భోజనం. డబ్బాలు పెట్టి వెళ్ళడం మానేశాను.

అందుకని కొనమంటారా అని అడిగిన ఆ నలుగురికీ నా జవాబు ఒకటే కాదు. ఇంట్లో మనిషి ఉండి, చెవులు పనిచేస్తూ, గాస్ స్టవ్ ఉంటే పాత కుక్కరే మేలు. అది త్వరగా వండుతుంది, నలభై ఏళ్ళు ఉంటుంది, రిపేరు మనమే చేసుకుంటాం. కాయిల్ స్టవ్ అపార్టుమెంటు వాళ్ళు కొంచెం ఆలోచించండి. మంట తగ్గించినా కాయిల్ వేడి తగ్గదు, కూతలు ఆగవు. డార్మిటరీలో ఉండే పిల్లలకి కొనే ముందు అక్కడ అనుమతి ఉందో లేదో కనుక్కోండి. పగలు ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళున్న ఇంటికైతే, డబ్బు లెక్క చూసుకోకుండా ఇవాళే వెళ్ళి కొనండి. బొట్ల అట్ట మర్చిపోకండి.

ఉగాదికి బొబ్బట్లు మాత్రం ఆ కుక్కరుకి వదలనన్నారు అత్తయ్యగారు. పూర్ణానికి శనగపప్పు ముద్దవ్వకూడదు, వేలితో నొక్కితే విరగాలి, పలుకుండాలి, అది మెషినుకి తెలియదని. ఆ ఉదయం మా వారు సొరుగు లాగి, ఒక్క మీట తీసి బిగించి, పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కూర్చున్నారు. ఆవిడ మూత తీసి, గరిటెతో రెండు పప్పులు పైకి తీసి, ఊది, వేళ్ళ మధ్య నొక్కి నా చేతిలో పెట్టారు.

"ఇంకో రెండు నిమిషాలమ్మాయ్" అన్నారు.