చెట్టు నరికితే దానిలోని కార్బన్ ఎటు పోతుంది?

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి సుమారు మూడెకరాల్లో ఊడలు దించుకున్న మర్రిచెట్టు. వయసు 700 ఏళ్లంటారు. ఇంత కలప ఎక్కడి నుంచి వచ్చింది? మట్టి నుంచి అనిపిస్తుంది కానీ, చాలావరకు గాలి నుంచే. ఆకులు ఎండ సాయంతో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ, వేళ్లు పీల్చిన నీటినీ కలిపి చక్కెర తయారుచేస్తాయి. దానితోనే కాండం, కొమ్మలు పెరుగుతాయి. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. అంటే 100 కిలోల ఎండు కలప వెనుక, గాలి నుంచి తీసిన కార్బన్ డయాక్సైడ్ సుమారు 180 కిలోలు.

మరి చెట్టు నరికితే అదంతా తిరిగి గాలిలో కలవదా? కలపను ఏం చేశామన్నదే ముఖ్యం. పొయ్యిలో పెడితే వెంటనే కలుస్తుంది. టేకు దర్వాజాగా బిగిస్తే తరాలపాటు ఇంట్లోనే ఉంటుంది. అలాగని చెట్లన్నీ కొట్టి తలుపులు చేయలేం. వేళ్లు, కొమ్మలు, రంపపు పొట్టు త్వరగానే కుళ్లుతాయి, లేదా కాలిపోతాయి. నాటిన మొక్క ఆ లోటు పూడ్చడానికి దశాబ్దాలు పడుతుంది. నిలిచిన చెట్టుకూ ముప్పు లేకపోలేదు. 2018లో పిల్లలమర్రికి చెదలు పడితే సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. చెదలు తిన్న కలపలోని కార్బన్ మళ్లీ గాలిలోకే చేరుతుంది. అందుకే పాత చెట్లను కాపాడటం, కొట్టినచోట మళ్లీ నాటడం, కోసిన కలపను ఎక్కువకాలం వాడటం మూడూ కలిసి సాగాలి.