చెరువులో చేపలు చచ్చినప్పుడు సంఘము చేయవలసిన విచారణ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు చెరువు గాని కుంట గాని లేని గ్రామము అరుదు. ఆ నీటితో వరి పండించు రైతు వేరు, అందు చేపలు పెంచి పట్టుకొను మత్స్య సహకార సంఘ సభ్యుడు వేరు అయినను, ఇరువురకును నీరొక్కటియే. ఒకనాటి ఉదయమున ఆ నీటిపై చేపలు వెల్లకిల తేలినచో గ్రామమున రెండు కేకలు పుట్టును. ఎవరో విషము కలిపినారనునది మొదటిది. మందు తెచ్చి చల్లుడనునది రెండవది. మొదటి కేక కొట్లాటకును, పిదప ఠాణాకును దారి తీయును. రెండవది సంఘపు పెట్టెలోని ధనమును నీటిపాలు చేయును. పెక్కు పర్యాయములు అచ్చట విషమును ఉండదు, మందుతో కుదురు రోగమును ఉండదు. కావున చేపలు ఏ కారణమున చచ్చినవో కనుగొను విధమును సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

అన్నిటికంటె తరచుగా సంభవించునది ఊపిరాడక చచ్చుట. చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించి జీవించును. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉన్నచో దానికి సుఖము. 3 మిల్లీగ్రాములకంటె తగ్గినచో బాధ; ఇంకను తగ్గినచో మరణము. నీటికి పచ్చదనము నిచ్చు సన్నని నాచు పగటివేళ ఎండ సాయమున ఈ వాయువును పుట్టించును. రాత్రివేళ ఆ నాచే, చేపలతోడను అడుగున క్రుళ్లుచున్న బురదతోడను కలిసి, దానిని ఖర్చు చేయును. అందుచేత తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. రెండు మూడు దినములు మబ్బు పట్టి ఎండ లేకపోయినను, గాలి స్తంభించి ఉక్క పోసినను ఆ తెల్లవారుజామే గండము.

ఇట్టి సమయమున చేపలన్నియు పైకి వచ్చి నోళ్లు తెరచి గుటకలు వేయును. ప్రొద్దెక్కిన కొలది బ్రతికినవి మరల లోతునకు పోవును. చచ్చినవానిలో పెద్ద బొచ్చెలు, రవ్వలు ముందుగా కానవచ్చును. ఒంటిపై పుండు గాని మచ్చ గాని ఉండదు. ఇంకొక గుర్తు కలదు. అది మన వృద్ధ జాలరులకు తెలిసినదే. కొర్రమట్ట పైగాలిని పీల్చుకొని బ్రతుకగల చేప. బొచ్చె, రవ్వ చచ్చి, అదే నీటిలో కొర్రమట్టలును కప్పలును చురుకుగా తిరుగుచున్నచో విషమను మాటను ప్రక్కన పెట్టవచ్చును.

విషము తగిలినప్పుడు మరణమునకు వేళ లేదు. మిట్టమధ్యాహ్నమున కూడ జరుగవచ్చును. చేపలు గింగిరాలు తిరుగుచు, ఎగిరిపడుచు చచ్చును. చిన్నపిల్లలు ముందు పోవును. కొర్రమట్ట, కప్ప, నీటిపురుగు, రొయ్య, ఏదియు మిగులకపోవచ్చును. పొలముల నీరు దిగు కాలువ మొగవద్దనో, మందు కొట్టు పంపులు కడిగిన రేవువద్దనో మరణము దట్టముగా నుండును. అప్పుడైనను ఎవరో పగతో కలిపినారని తొందరపడరాదు. వరిపై గాని పసుపుపై గాని మందు కొట్టిన మరునాడే గట్టివాన కురిసినచో, ఆ మందు ఎవరి పగయు లేకయే చెరువు చేరును. చెరువు పైభాగమున సేద్యము చేయువారు తమ పంపులను, డబ్బాలను రేవున కడుగకుండ సంఘము కట్టడి చేసికొనవలెను. సిరిసిల్ల ప్రక్కన నూలు అద్దకపు నీటి విషయమునను ఇంతే జాగ్రత్త కావలయును.

రోగముచేత వచ్చు మరణము వీని రెంటివలె ఒక్క రాత్రిలో ముగియునది కాదు. తొలినాడు నాలుగు, మరునాడు పది, వారము గడచుసరికి వందలు. చచ్చుటకు ముందే చేప గుంపు విడిచి ఒడ్డునకు చేరును, మేత మానును, వలకు సులభముగా దొరకును. దాని ఒంటిపై ఏదో ఒక జాడ ఉండును. పొలుసులు నిక్కి పొట్ట నీటితో ఉబ్బుట, మొప్పలు పాలిపోవుట, దూదివంటి బూజు పట్టుట, ఎఱ్ఱని పుండ్లు పడుట మున్నగునవి ఆ జాడలు.

పుండ్ల రోగమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఇది 1971లో జపాను దేశమునను, 1972లో ఆస్ట్రేలియాలోను కనబడి, ఆగ్నేయ ఆసియా దేశముల మీదుగా 1988లో మన దేశపు ఈశాన్య రాష్ట్రములను చేరెను. అటుపిమ్మట కొలది యేండ్లలోనే దక్షిణ దేశమునకును ప్రాకెను. మనుష్యులకు అంటునని భయపడి జనులు చేపలు కొనుటయే మానినందున జాలరి కుటుంబములు పస్తులుండిన దినములు కలవు. నిజమునకు దీనికి మూలము ఎఫనోమైసిస్ ఇన్వాడాన్స్ అను బూజుజాతి సూక్ష్మజీవి. అది మనుష్యుల నంటదు. వానలు వెనుకబట్టి చలి ముదిరి నీరు చల్లబడిన కార్తిక మార్గశిరములు మొదలుకొని ఇది విజృంభించును. తొలుత ఎఱ్ఱని చుక్కగా బయలుదేరి, పిదప కండ లోపలికి తినివేయు పుండగును.

ఈ రోగము మొట్టమొదట పట్టునవి మనము పెంచు చేపలు కావు. చెరువులో తమంతట తాము పెరుగు పరికలు, కొర్రమట్టలు ముందు దీని పాలగును. బంగారుతీగకు ఇది సులభముగా సోకదు. కావున కార్తికము వచ్చినది మొదలు వారమునకొకమారు చిన్నవల వేసి, విలువ లేనివని పారవేయు పరికలనే తిరగవేసి చూడవలెను. వానిపై ఎఱ్ఱచుక్కలు కనబడినప్పుడు మేల్కొనిన సంఘమునకు బొచ్చె, రవ్వలను కాపాడుకొనుటకు, లేదా అమ్మదగినవానిని రోగము సోకకముందే పట్టి అమ్ముటకు వ్యవధి యుండును.

ఇక మందుల మాట. భువనేశ్వరమునందలి కేంద్రీయ మంచినీటి చేపల పరిశోధన సంస్థవారు ఈ పుండ్ల రోగమునకు సిఫాక్స్ అను ద్రవమును కనుగొనిరి. ఒక హెక్టారు విస్తీర్ణమున ఒక మీటరు లోతు నీటికి ఒక లీటరు దాని మోతాదు. అర ఎకరము కుంటకు ఇది సాధ్యమే. నూరెకరముల చెరువు సుమారు 40 హెక్టార్లు. రెండు మీటర్ల లోతున్నచో 80 లీటర్లు కావలయును. సున్నము చల్లుదమన్నచో, ఎకరమునకు 40 కిలోల చొప్పున వేసినను 4,000 కిలోలు, అనగా 4 టన్నులు. నర్మాల యొద్ద ఎగువ మానేరు వంటి జలాశయమును గూర్చి చెప్పనే అక్కరలేదు. పెద్దచెరువునకు వైద్యము చేయుట అసాధ్యమని ఈ లెక్కయే చెప్పుచున్నది. అంగడివాడు చెప్పినాడని పైరుమీది పురుగుమందును చేపపేను కొరకు చెరువులో పోయుట మహాపరాధము. ఆ నీరు పశువులు త్రాగును. నీలకంఠపు రొయ్యలు వేసియున్నచో అవి యొక్కటియు మిగులదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ జాతి మందులను చేపలకు వాడుట చట్టముచేత నిషిద్ధము.

మందు పోయజాలని చెరువునకు ప్రకృతి చేయు చికిత్స ఎండుట. వేసవిలో అడుగు నెఱ్ఱెలు విచ్చునట్లు ఎండినచో చేపపేను గ్రుడ్లు, బురదలోని క్రుళ్లు నశించును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో పలు చెరువుల పూడిక తీసి పొలములకు తోలుకొనిరి. ఆ మట్టి పైరునకు బలమిచ్చుటయే గాక, చెరువులో ప్రాణవాయువును తిను బురదను కూడ తగ్గించినది. ఇప్పటి చిక్కు వేరు. కాకతీయ కాలువ, వరద కాలువల నీరందు చెరువులు కొన్ని యేడాది పొడవునను ఎండుట లేదు. సేద్యమునకు ఇది భాగ్యమే. చేపల ఆరోగ్యమునకు మాత్రము క్రొత్త బాధ్యత. అట్టి చెరువులో పేనును తగ్గించుటకు వెదురు తడికలను, పలకలను నీట పాతి, వారమునకొకమారు పైకి తీసి ఎండలో ఆరవేయవలెను. పేను గట్టివస్తువులపైననే గ్రుడ్లు పెట్టును గనుక వానితోడనే గ్రుడ్లును మాడును. ఖర్చు లేదు, ఓపిక కావలయును.

చేపపిల్లలను విడుచునాడు చూపు శ్రద్ధ యేడాది పొడవునను ఫలించును. 2016లో ఆరంభమైన ఉచిత పంపిణీ మొదలుకొని లారీలలో పిల్లలు వచ్చుటయు, ఫోటో తీసికొని సంచులు గుమ్మరించుటయు పలుచోట్ల పరిపాటియైనది. అట్లు చేయరాదు. సంచులను విప్పకయే పావుగంట నుండి ఇరువది నిమిషములు చెరువు నీటిపై తేలనిచ్చి, పిదప మూతి విప్పి కొంచెము కొంచెముగ చెరువు నీటిని కలిపి, పిల్లలు తమంతట తాము ఈదిపోవునట్లు విడువవలెను. పది లీటర్ల నీటిలో 200 గ్రాముల ఉప్పు కరగించి, పిల్లలను చేతివలతో అందు ఒకటి రెండు నిమిషములు ముంచినచో పైకి అంటుకొనియున్న పేను, బూజు చాలవరకు పోవును. పిల్ల ఒరగినచో తక్షణము తీసివేయవలెను.

ఊపిరాడని గండమును ముందుగ కనిపెట్టుటకు యంత్రమక్కరలేదు. చేతిని నీటిలో నిలువుగా దించినప్పుడు అరచేయి మోచేతివరకు మునిగినను కనబడుచున్నచో భయము లేదు. మణికట్టు మునుగకముందే కనుమరుగైనచో నాచు మితిమీరినది. అప్పుడు పెంటయు, తౌడును వేయుట నిలిపి, కాలువ నీరు దొరకునేని తెప్పించుకొనవలెను. యాసంగి వరికి నీరు పోయి చెరువు కుంచించుకొనుచుండగా అన్ని చేపలును కొద్దినీటిలో ఇఱుకును. మాఘమునుండియే పెద్దవానిని విడతలుగా పట్టి అమ్ముట మేలు. ధర పెరుగునని ఎండాకాలము వరకు ఆపి సర్వము పోగొట్టుకొనుట వివేకము కాదు.

రోగమని తోచినప్పుడు క్రుళ్లిన చేపను తీసికొనిపోయి అధికారికి చూపుట నిష్ఫలము. చావునకు సిద్ధముగానున్న నాలుగైదింటిని నీటితో సజీవముగా గాని, అప్పుడే చచ్చినవానిని మంచుగడ్డలలో గాని, శుభ్రమైన సీసా నిండుగా చెరువు నీటితో సహా జిల్లా మత్స్యశాఖవారికి అందజేయవలెను. కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. అచ్చటివారి సలహా అడుగవచ్చును. దేశమంతటను చేపల రోగములను కనిపెట్టు ఏర్పాటు 2013 నుండి లక్నో సంస్థ ఆధ్వర్యమున నడచుచున్నది. 2023లో రోగము తెలుపుటకు ఫోను ద్వారా ఒక సాధనమును కూడ వెలువరించిరి. ఏ దినమున ఎన్ని చచ్చినవి, ఏ జాతివి, ఏ వేళ, ముందునాటి వాతావరణమెట్లుండెను అను వివరములను సంఘపు పుస్తకమున వ్రాసియుంచినచో వచ్చిన అధికారికి సగము పని తీరును.

చచ్చిన చేపలను ఒడ్డున వదలరాదు, మత్తడివైపు త్రోయరాదు, చవుకగా అమ్మరాదు. శిఖమునకు ఎగువ మెట్టనేలలో గుంత త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. వాడిన వలలను రెండు దినములు మండుటెండలో ఆరవేయక వేరొక చెరువునకు ఎరువీయరాదు. మన చెరువులు గొలుసుకట్టుగా నున్నవి. పై చెరువు మత్తడి దూకినచో రోగమును నీటితోపాటు క్రింది ఊరికి దిగును. కావున పుండ్లు కనబడిన దినముననే క్రింది చెరువు సంఘమువారికి మనిషిని పంపి తెలుపవలెను.