రక్త క్యాన్సర్ చికిత్స: ఆరోగ్యశ్రీ పరిధి, క్లినికల్ ట్రయల్ ఖర్చు

లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:
• రక్త క్యాన్సర్ చికిత్సకు ఆరోగ్యశ్రీ ఏ పద్ధతిలో చెల్లిస్తుందో వివరించగలరు.
• క్లినికల్ ట్రయల్‌లో ఏ ఖర్చు ఎవరు భరించాలో విడదీసి చెప్పగలరు.
• సమ్మతి పత్రంలో చూడవలసిన అంశాలను గుర్తించగలరు.

1. ప్రస్తావన

రక్త క్యాన్సర్‌ను గడ్డలా కోసి తీసివేయడం సాధ్యం కాదు. ల్యుకేమియా, లింఫోమా, మైలోమా అనే దాని ప్రధాన రకాలన్నింటికీ చికిత్స ఎక్కువగా మందులతోనే సాగుతుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు రెండు నుంచి మూడేళ్లు మందులు వాడాలి. అందువల్ల ఇక్కడ డబ్బుతోపాటు కాలం, దూరం కూడా సమస్యలే.

సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న నారాయణఖేడ్‌ను తీసుకోండి. హైదరాబాద్ ఇక్కడికి వంద కిలోమీటర్ల పైమాటే. చుట్టుపక్కల తండాల నుంచి ఏటా ఎందరో చెరకు కోతకు వలస పోతారు. అలాంటి ఒక కుటుంబంలో ఎనిమిదేళ్ల బాబుకు ల్యుకేమియా అని తేలిందనుకుందాం. ఆ కుటుంబానికి ఏది అందుతుంది, ఏది అందదు?

2. పథకం ఎలా చెల్లిస్తుంది?

ఆరోగ్యశ్రీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తొలుత ఒక బీమా కంపెనీ ద్వారా నడిచిన పథకంలోకి 2008లో ట్రస్టు నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షలుగా ఉన్న పరిమితిని 2023 డిసెంబర్ 9న రూ.10 లక్షలకు పెంచారు. ఈ మొత్తం కుటుంబమంతటికీ కలిపి వర్తిస్తుంది.

పథకం రోగి చేతికి డబ్బు ఇవ్వదు. ప్రతి చికిత్సకూ ముందే నిర్ణయించిన ధర ఉంటుంది. దానిని ప్యాకేజీ అంటారు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర రోగి పేరు నమోదు చేస్తారు. ఆసుపత్రి పరీక్షల నివేదికలు పంపి ట్రస్టు ముందస్తు అనుమతి తీసుకుంటుంది. చికిత్స తరువాత ట్రస్టు ఆసుపత్రికి చెల్లిస్తుంది. మన ఉదాహరణలోని బాబుకు హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ వంటి ప్రభుత్వ రంగ సంస్థల్లో ఈ విధంగా చికిత్స చేయించవచ్చు.

ఈ పద్ధతిలోనే దాని హద్దు కూడా ఉంది. జాబితాలో ఉన్న చికిత్సకే ప్యాకేజీ ఉంటుంది. జబ్బు నిర్ధారణ కాకముందు బయట సొంతంగా కట్టిన పరీక్షల బిల్లులు, తోడున్నవారి బస, పోయిన కూలి కుటుంబం మీదే పడతాయి. ప్యాకేజీకి మించిన ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసుకోవచ్చు.

3. కొత్త మందు పేదవారిదాకా ఎలా వస్తుంది?

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాకు వాడే ఇమాటినిబ్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. ట్రయల్స్‌లో మంచి ఫలితాలు చూపిన ఈ మందుకు 2001లో అమెరికా అనుమతి ఇచ్చింది. నోవార్టిస్ కంపెనీ అమ్మిన మందుకు మన దేశంలో నెలకు లక్ష రూపాయలకు పైగా అయ్యేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా వంటి సంస్థలు తయారు చేసిన అదే మందు దాదాపు పదివేలకు దొరికింది. పేటెంట్ కోసం నోవార్టిస్ వేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టివేసింది.

ఇక్కడ నాలుగు మెట్లు గమనించండి: ట్రయల్, అనుమతి, ధర, ప్యాకేజీ. అనుమతి వచ్చినంత మాత్రాన మందు పేదవారికి అందదు. రక్త క్యాన్సర్‌కు మన దేశంలోనే ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో రూపొందిన కార్-టి చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబర్‌లో అనుమతి లభించింది. విదేశీ ధరతో పోలిస్తే అది చౌకే. అయినా రూ.10 లక్షల పరిమితికి చాలా ఎక్కువ.

4. ట్రయల్ ఖర్చు ఎవరిది?

ఇంకా నిరూపణ కాని మందును మనుషులపై పరీక్షించడమే క్లినికల్ ట్రయల్. అది పరిశోధన కాబట్టి ఆరోగ్యశ్రీ ప్యాకేజీ కిందికి రాదు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, మామూలు చికిత్సకు మించి పరిశోధన కోసం చేసే పరీక్షలు, మందుల ఖర్చు రోగిపై వేయరాదు. రోగికి ప్రయాణ ఖర్చు, పోయిన కూలి తిరిగి ఇవ్వవచ్చు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం అందించాలి.

కాబట్టి "అన్నీ ఉచితం" అన్న మాట వినగానే ఆగి, ఏది మామూలు చికిత్స, ఏది పరిశోధన అని అడగాలి. మొదటిదానికి పథకం, రెండోదానికి ట్రయల్ నిర్వహించే సంస్థ బాధ్యులు.

5. సంతకానికి ముందు

2009లో ఖమ్మం జిల్లాలో బాలికలపై జరిగిన హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో 9,543 సమ్మతి పత్రాలను పరిశీలించగా 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో ఈ అధ్యయనాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అది క్యాన్సర్ చికిత్స కాకపోయినా, సమ్మతి విలువేమిటో మనకు నేర్పుతుంది.

మీ ఊరిలో ఎవరైనా ఇలాంటి పత్రం తెచ్చి చదవమంటే ఈ అంశాలు చూడండి:
• పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉందా?
• ట్రయల్‌లో చేరకపోతే ఉన్న ఇతర చికిత్సలేవో చెప్పారా?
• మధ్యలో మానుకున్నా మామూలు చికిత్స కొనసాగుతుందని రాశారా?
• హాని జరిగితే పరిహారం ఎవరిస్తారు? ఎథిక్స్ కమిటీని ఎలా సంప్రదించాలి?
• భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉందా? 2009 జూన్ 15 నుంచి ఈ నమోదు తప్పనిసరి.

చదువురానివారు సమ్మతి ఇచ్చేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రులు సంతకం చేస్తారు. ఏడేళ్లు దాటిన బిడ్డ ఒప్పుకోలు కూడా నోటిమాటగానైనా తీసుకోవాలి. మన ఉదాహరణలోని ఎనిమిదేళ్ల బాబునూ అడగాలన్నమాట.

6. సారాంశం

నిరూపితమైన, జాబితాలో ఉన్న చికిత్సకు ఆరోగ్యశ్రీ చెల్లిస్తుంది. పరిశోధన ఖర్చు దానిని చేపట్టిన సంస్థది. ఈ రెండింటి తేడా తెలిసిన కుటుంబం అందవలసిన చికిత్సను వదులుకోదు, అర్థం కాని పత్రంపై వేలిముద్ర వేయదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ప్యాకేజీ పద్ధతి అంటే ఏమిటి? దాని పరిమితులేవి?
2. ఒక మందుకు అనుమతి రావడానికీ, అది పేద రోగికి అందడానికీ మధ్య ఉన్న తేడాను ఇమాటినిబ్ ఉదాహరణతో చర్చించండి.