హ్యూస్టన్ విత్తనం.. హైదరాబాద్ పంట

2022 మార్చి 16న ఇండియాలో 12-14 ఏళ్ల పిల్లలకు కోర్బెవ్యాక్స్ వేయడం మొదలుపెట్టారు. ఊళ్లో అందరూ దాన్ని హైదరాబాద్ టీకా అన్నారు. నిజమే, కానీ దాని విత్తనం మా హ్యూస్టన్‌ది.

ఇక్కడి టెక్సాస్ చిల్డ్రన్స్ హాస్పిటల్, బేలర్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్ ఉమ్మడిగా నడిపే టీకా కేంద్రంలో డాక్టర్ పీటర్ హోటెజ్, డాక్టర్ మరియా ఎలెనా బొటాజీ బృందం స్పైక్ ప్రొటీన్‌లోని ఓ భాగాన్ని ఈస్ట్‌లో తయారు చేసింది. హెపటైటిస్-బి టీకాకు ఏళ్ల తరబడి వాడుతున్న పద్ధతే. 1953లో పుట్టిన హైదరాబాద్ కంపెనీ బయోలాజికల్-ఇకి తెలిసిన విద్యే. టీకా బలం పెంచే సీపీజీ 1018 మాత్రం కాలిఫోర్నియాలోని డైనావ్యాక్స్‌ది.

కంపెనీల మధ్య ఇలాంటి పొత్తులు కుదర్చడం, కుదిరాక కాపాడటం నా ఉద్యోగం. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత నాకు తరచూ గుర్తొస్తుంది. నేను చూసిన ఒక ప్రాజెక్టులో రెండువైపుల శాస్త్రవేత్తలు ఆరు వారాల్లో ఒక మాట మీదికి వచ్చారు. ‘ఇందులోంచి పుట్టేది ఎవరిది?’ అన్న ప్రశ్న మీద లాయర్లు ఏడాదికి పైగా కూర్చున్నారు. ఈలోగా అవతలి కంపెనీ ఆ డబ్బును వేరే పనికి మళ్లించింది. ఆలోచన మంచిదో కాదో తేలనే లేదు.

హ్యూస్టన్ బృందం ఆ ప్రశ్నకు తావివ్వలేదు. పేటెంట్ తీసుకోలేదు. కాగితాలతో సరిపెట్టకుండా ఈస్ట్ కణాలను, తయారీ పద్ధతిని కూడా అందించింది. ఇండోనేషియాకు చెందిన బయో ఫార్మాకూ ఇచ్చింది.

పేటెంట్ లేకపోవడమే విజయ రహస్యమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఇదే బృందం 2016 నాటికి సార్స్‌కు టీకా సిద్ధం చేసుకుంది. మనుషులపై పరీక్షలకు డబ్బు పెట్టేవాళ్లు లేక అది ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. ఈసారి 2021 జూన్‌లో, అనుమతి రాకముందే, భారత ప్రభుత్వం 30 కోట్ల డోసులకు రూ.1,500 కోట్లు అడ్వాన్సు ఇస్తామంది. అంతర్జాతీయ సంస్థ సెపీ కూడా చేయి వేసింది. ఫెయిలైతే నష్టం ఎవరు మోయాలో ముందే తేలింది కాబట్టే కంపెనీ ధైర్యంగా దిగగలిగింది. డిసెంబర్ 28న అత్యవసర అనుమతి వచ్చింది.

హైదరాబాద్ కంపెనీలతో కలిసి పనిచేయాలనుకునే ఇక్కడి మన స్టార్టప్ మిత్రులు నన్ను మొదట పేటెంట్ గురించే అడుగుతారు. మొదటి బ్యాచ్ పాడైతే ఖర్చు ఎవరిదని నేను అడుగుతాను. చాలామంది దగ్గర జవాబు ఉండదు.